గొంతునొప్పికి కంగారు వద్దు, అశ్రద్ధా వద్దు

(ఆసుపత్రి ఓ.పి. హాలులో రోగుల కుటుంబ సభ్యుల కోసం ఒక నర్సు చేసిన ప్రసంగం)



చీటీలు చేతిలో పట్టుకుని డాక్టరు గారి పిలుపు కోసం ఎదురుచూస్తున్న అమ్మలకు, అక్కలకు, అన్నలకు, మనవళ్లను ఒళ్లో కూర్చోబెట్టుకున్న నానమ్మలకు, తాతగార్లకు ఒక మనవి. మీ సమయంలో ఇరవై నిమిషాలు నాకు ఇవ్వండి. ఈ రోజు మనం గొంతునొప్పి గురించి, టాన్సిల్స్ గురించి మాట్లాడుకుందాం.

"గొంతునొప్పే కదా సిస్టరమ్మా, దానికి కూడా ప్రసంగమా?" అని మీలో కొందరికి అనిపించవచ్చు. నిజమే. గొంతునొప్పి చాలాసార్లు దానంతట అదే తగ్గిపోతుంది. అయితే తగ్గిపోయిందని మనం అనుకున్న గొంతునొప్పి కొన్నిసార్లు లోపల వేరే పని చేస్తూ ఉంటుంది. అందుకే ముందుగా ఒక పాప సంగతి చెబుతాను.

కొన్నేళ్ల క్రితం పదకొండేళ్ల పాపను మా వార్డులో చేర్చారు. నాలుగు మెట్లు ఎక్కితే చాలు, ఆయాసం. రాత్రి పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చునేది. అంతకు ముందు మోకాలు వాచింది. అది తగ్గగానే చీలమండ వాచింది. ఆటల్లో పడి ఉంటుందని ఇంట్లోవాళ్లు నూనె రాశారు. ఆసుపత్రిలో ఎకో పరీక్ష చేస్తే గుండె కవాటం దెబ్బతిన్నదని తెలిసింది. "ఈ మధ్య పాపకు గొంతునొప్పి ఏమైనా వచ్చిందా అమ్మా?" అని నేను అడిగాను. ఆ తల్లి కాసేపు ఆలోచించి ఇలా చెప్పింది: "నెల క్రితం వచ్చిందమ్మా. పది రోజులకు మాత్రలు రాశారు. నాలుగో రోజుకే జ్వరం పోయింది, అన్నం తింది, బడికి పోయింది. మిగిలిన మాత్రలు పారేయడం ఎందుకని గూట్లో దాచాను. తమ్ముడికి వస్తే పనికొస్తాయి కదా అని."

ఆమెను తప్పు పట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. ఆ తల్లి పొదుపు చేసింది. మనందరి ఇళ్లలోనూ గూట్లోనో, ఫ్రిజ్ మీద డబ్బాలోనో అలాంటి మిగిలిన మాత్రలు ఉంటాయి. చీటీ రాసి ఇచ్చినచోట, పది రోజులూ ఎందుకు వేయాలో ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆ లోటు మా నర్సులది కూడా. మీకు ఆ లోటు రాకూడదనే ఈ నాలుగు మాటలు.

టాన్సిల్స్ అంటే ఏమిటి?

నోరు బాగా తెరిచి అద్దంలో చూసుకోండి. గొంతులో మధ్యన వేలాడేది కొండనాలుక. దానికి కిందుగా, అటు ఒకటి ఇటు ఒకటి కనిపించే మెత్తని ఉండలే టాన్సిల్స్. ఇవి జబ్బు కాదు. ప్రతివారికీ పుట్టుకతోనే ఉంటాయి. నోటి ద్వారా, ముక్కు ద్వారా వచ్చే సూక్ష్మజీవులను గుర్తించి శరీరాన్ని సిద్ధం చేయడం వాటి పని. చిన్నపిల్లల్లో ఇవి కాస్త పెద్దవిగా ఉంటాయి, పెరిగేకొద్దీ చిన్నవవుతాయి. కాబట్టి "మా బాబుకు టాన్సిల్స్ ఉన్నాయట" అని భయపడనక్కరలేదు. అవి ఎర్రబడి, వాచి, నొప్పి పెడితేనే టాన్సిలైటిస్ అంటాం.

చాలామంది టాన్సిల్స్‌ను, గవదబిళ్లలను ఒకటే అనుకుంటారు. గవదబిళ్లల జబ్బులో వాపు బయట, చెవి కింద, దవడ దగ్గర వస్తుంది. బుగ్గ ఉబ్బినట్టు కనిపిస్తుంది. టాన్సిల్స్ వాపు గొంతు లోపల ఉంటుంది. గొంతు చెడినప్పుడు మెడ ముందు భాగంలో చిన్న గడ్డలు కూడా చేతికి తగలవచ్చు. అవి లింఫు గ్రంథులు. గొంతు బాగుపడ్డాక మెల్లగా తగ్గుతాయి. వాటిని పిసకవద్దు, మర్దన చేయవద్దు.

అన్ని గొంతునొప్పులూ ఒకటి కావు

గొంతునొప్పి ముఖ్యంగా రెండు రకాల సూక్ష్మజీవుల వల్ల వస్తుంది. ఎక్కువ శాతం వైరస్‌ల వల్ల. తక్కువ శాతం బాక్టీరియా వల్ల. బాక్టీరియాలో మనం జాగ్రత్తపడవలసినది స్ట్రెప్టోకోకస్ అనే రకం. గొంతునొప్పితో వచ్చే పదిమంది పిల్లల్లో సుమారు ఇద్దరు ముగ్గురికి ఇది కారణం కావచ్చు. పెద్దవారిలో ఇంకా తక్కువ.

వైరస్ గొంతునొప్పి సాధారణంగా ఒంటరిగా రాదు. ముక్కు కారడం, తుమ్ములు, దగ్గు, గొంతు బొంగురుపోవడం, కళ్లు ఎర్రబడడం తోడుగా ఉంటాయి. దాదాపు వారంలో తగ్గుతుంది. యాంటీబయోటిక్ వేసినా వారమే, వేయకపోయినా వారమే. ఎందుకంటే యాంటీబయోటిక్ మందులు వైరస్ మీద పనిచేయవు.

స్ట్రెప్ గొంతునొప్పి వేరుగా ఉంటుంది. ఉన్నట్టుండి మొదలవుతుంది. జ్వరం 101 డిగ్రీలు, ఆ పైన కూడా ఉండవచ్చు. మింగడానికి ప్రాణం పోయినట్టు ఉంటుంది. టాన్సిల్స్ మీద తెల్లని, పసుపు పచ్చని మచ్చలు కనిపించవచ్చు. మెడ ముందు గడ్డలు ముట్టుకుంటే నొప్పి. దగ్గు, జలుబు మాత్రం సాధారణంగా ఉండవు. పిల్లలు కడుపునొప్పి, వాంతులు అని కూడా చెప్పవచ్చు. కొందరికి ఒంటి మీద గరుకు కాగితంలా తగిలే ఎర్రని దద్దుర్లు వస్తాయి. ఐదు నుంచి పదిహేనేళ్ల పిల్లల్లో ఇది ఎక్కువ.

అయితే మచ్చలు కనిపించినంత మాత్రాన స్ట్రెప్ అని మీరే తేల్చుకోకండి. కొన్ని వైరస్‌లు కూడా అలాంటి మచ్చలనే తెస్తాయి. డాక్టరు గారు గొంతు, మెడ, జ్వరం చూసి, అవసరమైతే గొంతులో దూది పుల్లతో స్వాబ్ తీసి పరీక్షకు పంపుతారు. మీరు చేయవలసిందల్లా జ్వరంతో, దగ్గు జలుబు లేకుండా వచ్చిన గొంతునొప్పిని ఒకటి రెండు రోజుల్లో చూపించడం.

పది రోజుల మందు ఎందుకు?

స్ట్రెప్ అని తేలితే పెన్సిలిన్, లేదా అమోక్సిసిలిన్ పది రోజులు రాస్తారు. కొందరికి ఒకే ఒక్క బెంజతీన్ పెన్సిలిన్ ఇంజక్షన్ ఇస్తారు. పెన్సిలిన్ పడనివారికి వేరే మందు ఉంటుంది. అందుకే గతంలో ఏ మందుకైనా దద్దుర్లు, ఆయాసం వచ్చి ఉంటే ముందుగానే చెప్పాలి.

మందు మొదలుపెట్టిన రెండు మూడు రోజులకు జ్వరం పోతుంది, నొప్పి తగ్గుతుంది. బాక్టీరియా మాత్రం ఇంకా గొంతులో మిగిలి ఉంటుంది. మనం ఆపేస్తే మళ్లీ పెరుగుతుంది. ఆ బాక్టీరియాతో పోరాడేందుకు శరీరం తయారుచేసుకున్న బలగం కొందరు పిల్లల్లో పొరపాటున తన కీళ్ల మీద, గుండె మీదనే దాడి చేస్తుంది. దీనినే రుమాటిక్ జ్వరం, కీళ్లవాత జ్వరం అంటారు. గొంతునొప్పి వచ్చిన రెండు మూడు వారాల తర్వాత ఇది బయటపడుతుంది. ఒక కీలు వాచి తగ్గుతుంది, ఇంకో కీలు వాస్తుంది. కొందరు పిల్లల చేతులు, ముఖం వాళ్లకు తెలియకుండానే కదులుతూ ఉంటాయి. చేతిలో గ్లాసు నిలవదు, రాత బాగుండదు. బడిలో అల్లరి అనుకుని కొడతారు. కీళ్ల వాపు తగ్గిపోతుంది కానీ గుండె కవాటాలకు తగిలిన దెబ్బ చాలామందిలో నిలిచిపోతుంది. ఆడపిల్లలైతే పెళ్లయి గర్భం దాల్చినప్పుడు ఆ బలహీనమైన గుండె మీద భారం పడి అప్పుడు బయటపడిన సందర్భాలు మా ప్రసూతి వార్డులో చూశాం.

భయపెట్టడం నా ఉద్దేశం కాదు. గొంతునొప్పి వచ్చిన ప్రతి పిల్లకూ ఇలా జరగదు. చాలా కొద్దిమందికే జరుగుతుంది. కానీ ఆ కొద్దిమంది ఎవరో ముందుగా చెప్పగలిగేవారు లేరు. సంతోషకరమైన విషయం ఏమిటంటే, గొంతునొప్పి మొదలైన 9 రోజుల లోపు సరైన మందు మొదలుపెట్టి పూర్తిగా వాడితే రుమాటిక్ జ్వరాన్ని చాలావరకు రాకుండా ఆపవచ్చు. చూడండి, గుండె కవాటం ఆపరేషన్‌కు లక్షలు కావాలి. దానిని ఆపగలిగేది పది రోజుల మాత్రలు.

మాత్రలు మరచిపోకుండా ఒక చిన్న పద్ధతి చెబుతాను. గోడ మీద క్యాలెండరులో పది రోజులకూ సున్నాలు చుట్టండి. వేసిన రోజున కొట్టివేయండి. ఆ పని పిల్లలకే అప్పగిస్తే వాళ్లే గుర్తుచేస్తారు.

ఇంట్లో చేయవలసిన సేవ

వైరస్ అయినా, స్ట్రెప్ అయినా ఇంటి సేవ ఒకటే.

నీళ్లు, ద్రవాలు: గొంతునొప్పి పిల్లలు తిండి తినకపోయినా రెండు రోజులకు ఏమీ కాదు. నీళ్లు తాగకపోతేనే ప్రమాదం. ఒకేసారి గ్లాసుడు ఇస్తే తాగరు. పావుగంటకొకసారి రెండు మూడు గుక్కలు పట్టించండి. గోరువెచ్చని నీళ్లు, గంజి, పలచని రాగిజావ, పప్పుకట్టు, మజ్జిగ, కొబ్బరినీళ్లు ఏవైనా మంచివే. పిల్లవాడు ఆరేడు గంటలకొకసారి మూత్రం పోస్తున్నాడా లేదా గమనించండి.

ఆహారం: మెత్తగా చిదిపిన ఇడ్లీ పాలలో గానీ పప్పుకట్టులో గానీ, మెత్తని పెరుగన్నం, ఉప్మా జావలా చేసి పెట్టండి. కారం, పులుపు, వేపుళ్లు, జంతికల లాంటి గరుకైనవి నాలుగు రోజులు ఆపండి. "పెరుగు పెడితే గొంతు పట్టేస్తుంది, అరటిపండు పెడితే కఫం" అని పెద్దవాళ్లు అంటారు. పిల్లవాడు ఇష్టంగా తింటే వాటి వల్ల జబ్బు పెరగదు. వాచిన గొంతుకు కొందరికి వేడి హాయి, కొందరికి చల్లన హాయి. ఐస్‌క్రీమ్ రెండు చెంచాలు తిన్నా తప్పు లేదు.

ఉప్పునీటి పుక్కిలింత: ఒక గ్లాసు గోరువెచ్చని నీటిలో అర టీస్పూను ఉప్పు. రోజుకు మూడు నాలుగుసార్లు గొంతులో గరగరలాడించి ఉమ్మివేయాలి. మింగకూడదు. సరిగ్గా పుక్కిలించడం రాని చిన్నపిల్లలకు దీనిని చేయించవద్దు.

తేనె, మిరియాల పాలు, పసుపు పాలు, అల్లం కషాయం: గొంతుకు ఉపశమనం ఇస్తాయి, ఇవ్వండి. అయితే ఇవి ఉపశమనానికే, డాక్టరు రాసిన మందుకు బదులు కాదు. ఏడాది నిండని బిడ్డకు తేనె చుక్క కూడా నాకించకండి. తేనెలో ఉండే ఒక రకం సూక్ష్మజీవి వల్ల పసిబిడ్డల కండరాలు చచ్చుబడే ప్రమాదం ఉంది.

జ్వరం, నొప్పి: పారాసిటమాల్ చాలు. బిడ్డ బరువులో కిలోకు 15 మిల్లీగ్రాముల లెక్కన, ఆరు గంటలకొకసారి, రోజుకు నాలుగుసార్లకు మించకుండా ఇవ్వాలి. మూడు నెలల లోపు పసిబిడ్డకు మాత్రం డాక్టరు చెప్పకుండా ఇవ్వకూడదు. ఇక్కడ తల్లులు తరచుగా చేసే పొరపాటు ఒకటి ఉంది. పారాసిటమాల్ సిరప్‌లు రెండు బలాల్లో దొరుకుతాయి. ఒకదానిలో 5 మి.లీ.కి 125 మిల్లీగ్రాములు, ఇంకో దానిలో 5 మి.లీ.కి 250 మిల్లీగ్రాములు. పది కిలోల బిడ్డకు మొదటిది 6 మి.లీ., రెండోది 3 మి.లీ. మాత్రమే. కిందటిసారి పోసిన కొలత అని ఈసారీ పోయకండి, సీసా మీద చదవండి. చదవడం రాకపోతే బడికి వెళ్లే పిల్లల చేత చదివించండి, లేదా సీసా తెచ్చి మమ్మల్ని అడగండి. ఇంట్లో చెంచాతో కాకుండా సీసాతో వచ్చే కొలత మూతతోనే పోయండి. కొన్ని జలుబు సిరప్‌లలో కూడా పారాసిటమాల్ ఉంటుంది. రెండూ కలిపి ఇస్తే మోతాదు ఎక్కువై కాలేయం దెబ్బతింటుంది.

చేయకూడని పనులు

పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వవద్దు. నిమెసులైడ్ కూడా ఇవ్వవద్దు. పన్నెండేళ్ల లోపు పిల్లలకు దానిని మన ప్రభుత్వం 2011లోనే నిషేధించింది. పాత సీసా ఇంట్లో ఉంటే పారవేయండి.

మందుల షాపుకు వెళ్లి "గొంతునొప్పికి ఏదైనా ఇవ్వండి" అని మూడు మాత్రల యాంటీబయోటిక్ షీటు కొనవద్దు. వైరస్ అయితే అది వృథా, విరేచనాలు అదనం. స్ట్రెప్ అయితే ఆ మందు దానిపై పనిచేయకపోవచ్చు. పైగా ఇలా అవసరం లేకుండా వాడగా వాడగా, నిజంగా ప్రాణం మీదకు వచ్చినప్పుడు ఆ మందులు పనిచేయకుండా పోతాయి.

గొంతు మీద సున్నం రాయడం, గొంతులో వేలు పెట్టి గడ్డ చిదమడం, కొండనాలుక లేపించడం చేయవద్దు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత మీకు తెలిసిందే. సున్నానికి మెడ చర్మం కాలి పొక్కులతో వచ్చిన పిల్లలకు నేనే కట్టు కట్టాను. మరుగుతున్న గిన్నె మీద దుప్పటి కప్పి చిన్నపిల్లలకు ఆవిరి పట్టడం కూడా వద్దు. గిన్నె ఒలికి ఒళ్లు కాలే ప్రమాదం ఉంది.

వెంటనే ఆసుపత్రికి తీసుకురావలసిన లక్షణాలు

ఇవి కనిపిస్తే రాత్రి అయినా ఆగకండి:

1. ఊపిరి తీసుకోవడం కష్టంగా ఉండడం, ఊపిరి తీసేటప్పుడు శబ్దం రావడం.
2. ఉమ్మి కూడా మింగలేక చొంగ కారడం. ఇలాంటి బిడ్డ గొంతులో చెంచా పెట్టి చూడవద్దు, పడుకోబెట్టవద్దు. కూర్చోబెట్టే తీసుకురండి.
3. నోరు తెరవలేకపోవడం, ఒకవైపే విపరీతమైన నొప్పి, నోట్లో వేడి ముద్ద పెట్టుకున్నట్టు మాట మారడం. ఇది టాన్సిల్ పక్కన చీము పట్టిన గుర్తు.
4. గొంతులో బూడిద రంగు పొర, మెడ బాగా వాపు. ఇది కంఠసర్పి, అంటే డిఫ్తీరియా కావచ్చు.
5. మెడ బిగుసుకుపోవడం, మగత, ఎనిమిది గంటలు దాటినా మూత్రం లేకపోవడం.

గొంతునొప్పి తగ్గాక నెల రోజుల వరకు కూడా ఒక కన్ను వేసి ఉంచండి. కీళ్ల వాపు, ఆయాసం, ముఖం ఉబ్బడం, మూత్రం టీ డికాషన్ రంగులో రావడం కనిపిస్తే ఆ రోజే తీసుకురండి. "నెల క్రితం గొంతునొప్పి వచ్చింది" అని మీరే డాక్టరుకు చెప్పండి.

కంఠసర్పికి టీకా ఉంది. 6, 10, 14 వారాలకు పెంటావాలెంట్, 16 నుంచి 24 నెలల మధ్య ఒక డి.పి.టి. బూస్టర్, ఐదారేళ్లకు రెండోది, 10 ఏళ్లకు, 16 ఏళ్లకు టి.డి. టీకా. పసిబిడ్డకు వేయించి తర్వాతి బూస్టర్లు మరిచిపోయేవారే ఎక్కువ. ఇంటికి వెళ్లగానే టీకా కార్డు తీసి చూడండి.

ఇంట్లో మిగిలినవారికి అంటకుండా

దగ్గు, తుమ్ము తుంపరల ద్వారా, ఎంగిలి ద్వారా గొంతునొప్పి అంటుతుంది. జబ్బు చేసినవారికి గ్లాసు, కంచం, తువ్వాలు విడిగా పెట్టండి. సబ్బుతో చేతులు కడుక్కోండి. స్ట్రెప్ అయితే మందు మొదలుపెట్టి ఒక రోజు పూర్తయి, జ్వరం తగ్గాకే బడికి పంపండి. హాస్టల్లో ఉన్న పిల్లలైతే వార్డెనుకు చెప్పి మాత్రల బాధ్యత ఒకరికి అప్పగించండి. ఒకే గదిలో పదిమంది పడుకునేచోట ఇది త్వరగా పాకుతుంది.

మీరు తరచూ అడిగే ప్రశ్నలు

టాన్సిల్స్ తీసేయించాలా సిస్టర్?
అందరికీ అక్కరలేదు. ఏడాదిలో ఏడుసార్లు, లేదా రెండేళ్లపాటు ఏటా ఐదుసార్లు, లేదా మూడేళ్లపాటు ఏటా మూడుసార్లు గట్టిగా వస్తే అప్పుడు ఆలోచిస్తారు. అందుకే వచ్చిన ప్రతిసారీ తేదీ రాసి పెట్టుకోండి. టాన్సిల్స్ పెద్దవై పిల్లవాడు గురక పెడుతూ నిద్రలో ఊపిరి ఆగినట్టు అయితే కూడా చూపించాలి. ఆపరేషన్ తర్వాత గొంతులో కనిపించే తెల్లని పొర చీము కాదు, మానుతున్న పుండు. రెండు వారాల లోపు ఎప్పుడు నోట్లోంచి రక్తం వచ్చినా వెంటనే రావాలి.

రక్తంలో ఏ.ఎస్.ఓ. ఎక్కువ ఉందన్నారు, గుండె జబ్బేనా?
ఆ ఒక్క పరీక్షతో అలా చెప్పలేం. ఈ మధ్య శరీరంలోకి స్ట్రెప్ వచ్చి వెళ్లిందని మాత్రమే అది చెబుతుంది. డాక్టరు గారు కీళ్లు, గుండె పరీక్షించి చెబుతారు.

మా ఆయనకు నెల నుంచి ఒకవైపే గొంతునొప్పి. చుట్ట తాగుతారు.
వెంటనే తీసుకురండమ్మా. చుట్ట, బీడీ, ఖైనీ, గుట్కా, మద్యం అలవాటు ఉన్నవారికి గొంతునొప్పి, గొంతు బొంగురు, మెడలో గడ్డ మూడు వారాలు దాటితే కాన్సర్ కాదని నిర్ధారించుకోవాలి. తొందరగా కనుక్కుంటే నయమయ్యే అవకాశం ఎక్కువ.

చివరి మాట

నేను మొదట చెప్పిన ఆ పాప ఇప్పటికీ మా దగ్గరకు వస్తుంది. మళ్లీ స్ట్రెప్ సోకి గుండె ఇంకా దెబ్బతినకుండా 21 రోజులకొకసారి పెన్సిలిన్ ఇంజక్షన్ చేయించుకోవాలి. ఇది ఏళ్ల తరబడి సాగవలసిన చికిత్స. ఇంజక్షన్ నొప్పిగానే ఉంటుంది. అయినా ఒక్కసారి కూడా తప్పలేదు. వాళ్ల అమ్మ ఆ తేదీలన్నీ ఒక నోటు పుస్తకంలో రాసుకుంటుంది. ఆ రోజుల్లో ఎవరైనా తల్లి గొంతునొప్పి బిడ్డతో పక్కన కూర్చుంటే, నేను చెప్పేలోపే ఆమే చెబుతుంది: "జ్వరం తగ్గిందని మందు ఆపకమ్మా."

మీరూ ఇంటికి వెళ్లాక మీ పక్కింటివారికి ఈ మాట చెప్పండి. ముందు మీ గూట్లో చూడండి. మిగిలిపోయిన యాంటీబయోటిక్ మాత్రలు ఉంటే ఎవరికీ ఇవ్వకండి. తర్వాతిసారి వచ్చేటప్పుడు వాటిని తీసుకుని రండి, ఏం చేయాలో మేము చెబుతాం. సందేహం ఏదైనా ఉంటే ఇక్కడ నర్సును అడగడానికి మొహమాటపడకండి. చెప్పడం మా పనిలో భాగమే.